పుట్టని పార్టీకి పడమటి పల్లెల వినతిపత్రం

వీరికి: శాస్త్రీయ దృక్పథం పునాదిగా ఒక కొత్త రాజకీయ పార్టీ పెడితే ఎలా ఉంటుందని తలపోస్తున్న మిత్రులకు.

విషయం: పార్టీకి పేరు, జెండా, గుర్తు ఖరారు కాకముందే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ప్రజలు కోరుకుంటున్న సామాజిక విధానాల గురించి.



వినతిపత్రం ఎవరైనా గెలిచినవాళ్లకు ఇస్తారు. దండ వేస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. కాగితం నాయకుడి చేతి నుంచి పీఏ చేతికి, అక్కడి నుంచి కారు వెనక సీటుకు చేరుతుంది. ఆ తర్వాత దాని గతేమిటో అడిగినవాడు లేడు. మేం ఈసారి ఇంకా పుట్టనివాళ్లకు ఇస్తున్నాం. పుట్టనివాళ్లకు పీఏలు ఉండరు గనక మీరే చదువుతారని ఆశ.

ఇంకో కారణం కూడా ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద పార్టీని నమోదు చేయించాలంటే వంద మంది ఓటర్ల ప్రమాణపత్రాలు, పది వేల రూపాయల రుసుముతో పాటు పార్టీ నియమావళిని ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. రాజ్యాంగానికి విధేయంగా ఉంటామని అందులో రాయడం తప్పనిసరి. ఆ రాజ్యాంగంలోనే 51ఏ(హెచ్) అనే అధికరణం ఒకటుంది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, ప్రశ్నించే తత్వాన్ని, సంస్కరణ భావాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి బాధ్యత అని 1976 నాటి 42వ సవరణ దాన్ని చేర్చింది. పౌరుడికి ఉన్న ఈ బాధ్యత పార్టీకి ఉందని మాత్రం ఏ పార్టీ నియమావళిలోనూ మాకు కనిపించలేదు. మీ నియమావళి ఇంకా రాయలేదు కాబట్టి అందులో ఎక్కించాల్సిన మాటలు కొన్ని ఇప్పుడే పంపుతున్నాం.

ఇలాంటి పార్టీ ఆలోచన మన తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. ఎం.ఎన్.రాయ్ 1940లో పెట్టిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో త్రిపురనేని గోపీచంద్ కార్యదర్శిగా పనిచేశారు. ఎనిమిదేళ్లకే, 1948లో, పార్టీలతో పని కాదని రాయ్ తన పార్టీని తానే రద్దు చేశారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక పార్టీ జోలికే పోకుండా అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా తిరిగింది. 2006లో జయప్రకాశ్ నారాయణ గారి లోక్‌సత్తా పార్టీగా మారింది. 2009లో రాష్ట్రమంతా పోటీ చేసి ఒక్క కూకట్‌పల్లిలో గెలిచింది. చదువుకున్నవాళ్లు ఆ పార్టీని మెచ్చుకున్నారు, ఓటు మాత్రం వేరేచోట వేశారు. మెచ్చుకోలుకూ ఓటుకూ మధ్య ఉన్న ఆ దూరం పల్లెల్లో ఇంకా ఎక్కువ. అందుకే మీరు మా దగ్గరికి సెమినార్ భాషలో రాకండి.

అసలు మా కోరిక ఒక్కటే, మిగతావన్నీ దాని పిల్లలు. మీరు ఇచ్చే ప్రతి హామీ కింద మూడు ముక్కలు రాయండి. ఇది పనిచేస్తుందని మీకెలా తెలుసు? పనిచేసిందో లేదో ఎప్పుడు, ఎవరు, దేన్ని లెక్కబెట్టి తేలుస్తారు? ఏ ఫలితం వస్తే మీ హామీని మీరే వెనక్కి తీసుకుంటారు? మొదటి రెండూ రాసేవాళ్లు అక్కడక్కడ ఉన్నారు. మూడోది రాసిన పార్టీ మాకు తెలిసి దేశంలో లేదు. మాట తప్పని నాయకులను చాలామందినే చూశాం. మాట తప్పకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని కూడా చూశాం.

ఒక ఉదాహరణ. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. ముప్పై ఏళ్లు అది నడిచింది. సర్పంచి పదవి కోసం మూడో బిడ్డను బంధువుల బిడ్డగా రాయించుకున్న కథలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి. 2024 నవంబరులో అదే నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. ఇప్పుడు ఇంకా కనండి అని పిలుపులు వినిపిస్తున్నాయి. రాష్ట్రంలో స్త్రీకి సగటు సంతానం 1.7కి పడిపోయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట నిజమే. కానీ ఆ తగ్గుదలలో ఆ నిబంధన వాటా ఎంత, ఆడపిల్లల చదువు వాటా ఎంత? నిబంధన పెట్టినప్పుడు దాన్ని కొలిచే ఏర్పాటు లేదు, తీసేటప్పుడు ఎవరూ లెక్క అడగలేదు. మీరు అధికారంలో ఉంటే ఏం చేసేవాళ్లో నాలుగు పేజీలు రాసి పంపండి. మీ పార్టీకి మేం పెట్టే ప్రవేశ పరీక్ష అది.

కొలవడం మా జిల్లాకు తెలియని విద్య కాదు. 2010లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనక అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. ఆ జిల్లాల్లో కర్నూలు ఒకటి. ముందు కార్డులు వచ్చిన మండలాలను, రాని మండలాలను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ పోల్చి చూశారు. కూలి డబ్బు త్వరగా అందిందని, మధ్యలో కారిపోయేది తగ్గిందని తేలింది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ షాపుల వేలిముద్రలను అదే పద్ధతిలో పరీక్షిస్తే సరుకు కారిపోవడం ఏమీ తగ్గలేదు, పైగా అర్హులు కొందరికి బియ్యం అందకుండా పోయింది. యంత్రం ఒకటే, వేలూ ఒకటే. ఒకచోట మేలు, ఇంకోచోట కీడు. ఈ సంగతి మా పల్లెల్లో ఎవరికీ చెప్పలేదు. మా మండలాల మీదే జరిగిన పరీక్ష ఫలితం మాకు తెలియకుండా విదేశీ పత్రికల్లో ఇంగ్లీషులో అచ్చయింది. మీరు ఏ పరీక్ష చేసినా ఫలితాన్ని ముందు గ్రామసభలో చదవాలి, పత్రిక తర్వాత.

ఇక మా బతుకుల్లోకి రండి.

పంట చేతికొచ్చే చల్లకాలం మొదలవగానే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద, ఆస్పరి మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో కట్టడం పనికి జనం కదులుతారు. దీన్ని సుగ్గికి పోవడం అంటాం. ఊళ్లో ముసలివాళ్లు, వాళ్లకు కాపలాగా ఒకరిద్దరు పిల్లలు మిగులుతారు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి పెద్దపిల్ల కూడా వెంట పోవాల్సిందే. బడి రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఉంటుంది, పిల్ల మాత్రం మిరప చేలో ఉంటుంది. ఉగాదికి తిరిగొచ్చేసరికి తరగతి నాలుగు పాఠాలు కాదు, నాలుగు నెలలు ముందుకు పోయి ఉంటుంది. తర్వాతి ఏడాది ఆ పిల్ల బడిమొహం చూడకపోతే తప్పు ఎవరిది?

ఇలాంటి పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లనే పథకం ఉంది. ఆలోచన మంచిదే. కానీ మంజూరు ఆర్డరు వచ్చేలోపు వలస జీపులు వెళ్లిపోతే ఆ హాస్టల్లో ఎవరు ఉంటారు? మేం కోరేది ఇది. హాస్టళ్లు దసరా సెలవులు అయిన రోజే తెరవాలి, వలస మొదలయ్యాక కాదు. అర్హమైన ఊళ్లలో సగానికి మొదటి ఏడాది, మిగతా సగానికి రెండో ఏడాది లాటరీ తీసి ఇవ్వాలి. ఫిబ్రవరిలో బయటి మనుషులు బడికి వచ్చి పిల్లల తలలు లెక్కబెట్టాలి, రిజిస్టరును కాదు. రెండేళ్ల తర్వాత హాస్టల్ ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా కనిపించకపోతే దాన్ని మూసి, ఆ డబ్బుతో గుంటూరు, పల్నాడు చేల పక్కనే బళ్లు పెట్టాలి. ఆ మూసే మాట మీ మేనిఫెస్టోలో ఉండాలి. ప్రతిపక్షం మిమ్మల్ని ‘హాస్టళ్లు ఎత్తేసే పార్టీ’ అంటుంది. అననివ్వండి.

ఆడపిల్లల పెళ్లిళ్ల సంగతి దీనితోనే ముడిపడి ఉంది. వయసొచ్చిన పిల్లను వదిలి సుగ్గికి ఎలా పోయేది అనే భయంతోనే పెళ్లి చేసేస్తారు. రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ఉంది, పెళ్లి పందిరి దగ్గరికి పోలీసులు వచ్చి ఆపిన సందర్భాలూ ఉన్నాయి. ఆపిన పెళ్లి పక్క జిల్లా గుడిలో జరిగిన సందర్భాలూ ఉన్నాయి. పోలీసుల కంటే బడే పెళ్లిని వాయిదా వేయించగలదేమో. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిళ్లు ఇస్తే, వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయని తర్వాత జరిగిన అధ్యయనం లెక్క తేల్చింది. మా దగ్గర సైకిలే పనిచేస్తుందని మేం అనడం లేదు. హైస్కూలుకు పొద్దున పోయి సాయంత్రం వచ్చే బస్సు పనిచేస్తుందేమో. రెండింటినీ వేర్వేరు మండలాల్లో పెట్టి చూడండి.

ఖర్చు లేని కోరిక ఇంకోటి ఉంది. మీ పార్టీ నాయకులెవరూ పెళ్లికూతురు వయసు ధ్రువపత్రం చూడకుండా ఏ పెళ్లికీ అక్షింతలు వేయడానికి రాకూడదు. మా దిక్కు ఎమ్మెల్యే వచ్చి అక్షింతలు వేస్తే ఆ పెళ్లికి చట్టం వర్తించదని జనం అనుకుంటారు. పోలీసులూ అలాగే అనుకుంటారు.

ఆడపిల్లలను దేవుడి పేరిట వదిలే బసివిని ఆచారం గురించి కూడా చెప్పాలి. దేవదాసీల అంకితాన్ని నిషేధించే చట్టం 1988లో వచ్చింది. కొత్తగా వదలడం తగ్గిందని అందరూ అంటారు, మేమూ అంటాం. కానీ ముందే వదిలిన ఆడవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల పిల్లల దరఖాస్తుల్లో తండ్రి పేరు గడి ఇంకా వాళ్లను వేధిస్తోంది. దీనికి శాస్త్రం, పరిశోధన అక్కర్లేదు, ఒక జీవో చాలు. అన్నింటికీ పరీక్షలే పెట్టమని మేం అనడం లేదు. కొన్ని పనులు చేయడమే.

పత్తి మాట. ఆదోని యార్డుకు మీరు ఒకసారి సీజన్‌లో రండి. లాట్లు, వేలం, కమీషన్ ఏజెంట్లు, హమాలీల కేకలు, జిన్నింగు మిల్లుల దూది దుమ్ము. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనాలంటే తేమ 8 నుంచి 12 శాతం లోపు ఉండాలి. పన్నెండు దాటితే బండి వెనక్కి. అక్కడ రైతుకు తెలియని శాస్త్రం అంతా ఆ చిన్న తేమ మీటరులో దాగి ఉంది. ఒక మీటరు 11 చూపిస్తే ఇంకోటి 13 చూపిస్తుంది, రైతు ఎవర్ని అడగాలి? బంగారం కొట్లో తూకం రాళ్లకు ముద్ర ఉన్నట్టు తేమ మీటరుకూ ప్రతి నెలా ముద్ర పడాలి. రైతు తన బండి మీదే, తన కళ్లముందే పరీక్ష చేసుకునే ఉచిత మీటరు యార్డు గేటు దగ్గరే ఉండాలి. ఇది చిన్న కోరికే. కానీ సైన్సు రైతు పక్షాన ఒక్కసారైనా నిలబడ్డదని ఇక్కడ కనిపిస్తే మీ మిగతా మాటలు వినడానికి జనం ఓపిక పడతారు.

బీటీ విత్తనాల మీద మీరు నిజం చెప్పగలరా? 2002లో అనుమతి వచ్చినప్పుడు కాయతొలుచు పురుగుకు మందు కొట్టే బాధ తగ్గిందన్నది నిజం. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. గులాబీ రంగు పురుగు దానికి కూడా అలవాటు పడిపోయిందన్నదీ అంతే నిజం. పురుగు అలవాటు పడకుండా చేను చుట్టూ బీటీ కాని విత్తనం వేయమని ప్యాకెట్‌తో పాటు విడిగా ఇచ్చిన పొట్లాన్ని దాదాపు అందరం పారేశాం. ఎందుకు వేయాలో ఎవరూ మాకు అర్థమయ్యేలా చెప్పలేదు, వేసినా పక్కవాడు వేయకపోతే ఫలితం లేదు. బీటీ వరం అనే పార్టీ ఉంది, బీటీ విషం అనే పార్టీ ఉంది. రెండూ కాని మాట చెప్పే పార్టీకి పత్తి రైతు ఓటు వేస్తాడో లేదో మాకూ తెలుసుకోవాలని ఉంది. బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం, ఆదోనిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు ఊళ్లలోకి రావడానికి డీజిల్ డబ్బులు అడిగే పరిస్థితి ఉండకూడదని మీ బడ్జెట్‌లో రాయండి. పత్తి విత్తనాల క్రాసింగ్ పనిలో చిన్నపిల్లల వేళ్లు కనిపించకూడదని కూడా.

ఎమ్మిగనూరుకు వస్తే, మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి పేరు తెచ్చింది. కరువు ప్రాంతంలో నేతగాడికి నూలు, పని, కూలి, అమ్మకం ఒకేచోట దొరకడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈమధ్య ఏళ్లలో మగ్గానికి ఏడాదికింత అని ప్రభుత్వం ఖాతాల్లో వేసింది, కాదనడం లేదు. కానీ ఆ డబ్బు ఇచ్చినచోట మగ్గాలు నిలిచాయా, ఆగాయా? నేతగాడి కొడుకు మగ్గం గుంటలో కూర్చున్నాడా, బెంగళూరు బస్సెక్కాడా? 1985 చేనేత రిజర్వేషన్ చట్టం 11 రకాల బట్టలను చేతిమగ్గానికే కేటాయించినా పవర్‌లూమ్ చీర చేనేత పేరుతో అమ్ముడుపోతోంది. దాన్ని పట్టుకునే తనిఖీ సిబ్బంది ఎంతమంది ఉన్నారో ముందు చెప్పండి. గుంట మగ్గం మీద ముప్పై ఏళ్లు కూర్చున్నవాళ్ల నడుము, మోకాళ్లు, కంటిచూపు పరీక్షించి లెక్క తీయండి. పథకం తర్వాత రాసుకోవచ్చు.

నీళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు. తుంగభద్ర దిగువ కాలువ చివర ఉన్నవాళ్లం మేం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, క్రస్ట్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి స్టాప్‌లాగ్ దించేదాకా మాకు నిద్ర లేదు. డెబ్బై ఏళ్ల గేట్లకు వయసు ఉంటుందని ఇంజనీరుకు తెలుసు, నాయకుడికి గేటు పోయాకే తెలుస్తుంది. 133 టీఎంసీలతో కట్టిన జలాశయంలో పూడిక పేరుకుని సామర్థ్యం 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. పోయిన ఆ నీళ్లు ఎవరి వాటాలోంచి పోయాయి? చివరి ఆయకట్టు వాటాలోంచి. రాష్ట్ర సరిహద్దులోనూ, ప్రతి డిస్ట్రిబ్యూటరీ దగ్గరా ప్రవాహాన్ని కొలిచే మీటర్లు పెట్టి, ఏ రోజు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో ఫోనులో అందరికీ కనిపించేలా చేయండి. నీళ్లు తెస్తామని శపథాలు చేయకండి, ముందు వచ్చే నీళ్లను చూపించండి. తాగునీటి చెరువుల్లో ఫ్లోరైడ్, బ్యాక్టీరియా పరీక్షల ఫలితాలు ప్రతి నెలా పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి.

ఇప్పుడు చెప్పబోయేది మీకు ఓట్లు పోగొట్టే విషయం. దసరా రాత్రి దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో కర్రల సమరం జరుగుతుంది. ప్రతి ఏడాదీ పోలీసు బందోబస్తు, వైద్య శిబిరం, డ్రోన్లు, ప్రతి ఏడాదీ తలలు పగలడం. దేవుడి కోసం రక్తం చిందితే మంచిదని నమ్మేవాళ్లను మూఢులని తిట్టడం తేలిక. నిషేధిస్తామని కర్నూలులో ప్రెస్‌మీట్ పెట్టడం ఇంకా తేలిక. అంతకంటే కష్టమైన పని ఏమిటంటే, ఆ రాత్రి ఎంతమంది దెబ్బతిన్నారు, ఎవరి చేతిలో ఏ కర్ర, మద్యం ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని దెబ్బలు భక్తివి, ఎన్ని పాత పగలవి అని ఐదేళ్ల లెక్క తీసి, నెరణికి, కొత్తపేట, అరికెర వంటి ఊళ్ల పెద్దల ముందు పెట్టడం. వాళ్లకు ఆ లెక్క చూపించినవాళ్లు ఇంతవరకు లేరు. దేవుణ్ని తీసేయమని మేం అడగడం లేదు, మేమూ గట్టెక్కేవాళ్లమే.

చేతబడి, బాణామతి పేరుతో మనుషులను కొట్టడం వేరే సంగతి, అందులో బుజ్జగింపులు అక్కర్లేదు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర దీని మీద చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసి 2020లో అమలులో పెట్టింది. ఆదోని నుంచి బస్సెక్కి శిరుగుప్పలో దిగితే ఆ చట్టం ఉంది. మాకూ అలాంటిది కావాలి. అందులో జైలు శిక్షతో పాటు ఊళ్లోనే మానసిక వైద్యుడు దొరికే ఏర్పాటు కూడా ఉండాలి. పిచ్చి పట్టిన మనిషిని దర్గాకో గుడికో తీసుకుపోయేవాళ్లకు వేరే దారి లేకపోతే, దారి లేనందుకు వాళ్లను శిక్షించకూడదు.

చివరగా మీ ఇంటి సంగతి. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న తీర్పు చెప్పింది. ఏ పార్టీ లెక్క చేయలేదు. విరాళం ఇచ్చినవాళ్ల పేరు దాచే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. మీరు ఎవరూ బలవంతం చేయకుండానే సమాచార హక్కు కిందికి రండి. మీ శాస్త్ర సలహా మండలిలో ఎవరున్నారో, వాళ్లు ఏ కంపెనీల దగ్గర ఫీజు తీసుకుంటారో బయటపెట్టండి. ఆ మండలిలో డాక్టర్లు, ప్రొఫెసర్లతో పాటు ఒక ఆశా కార్యకర్త, ఒక సుగ్గి మేస్త్రీ, ఒక మగ్గం మనిషి ఉండాలి. వాళ్లు వేసిన ప్రశ్నలకు ప్రొఫెసర్లు రాసి జవాబివ్వాలి.

మీ జవాబు కూడా మాకు రాతపూర్వకంగానే కావాలి. తెలుగుతో పాటు కన్నడంలో, ఉర్దూలో పంపండి. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న తాలూకాలు మావి, ఈ మూడు భాషలూ ఇక్కడ ఇంటి భాషలే. ఏ కోరికలను ఒప్పుకుంటారో, వేటిని కాదంటారో, వేటిని పరీక్షించి చూస్తామంటారో విడివిడిగా రాయండి. కాదన్నవాటికి కారణం చెప్పండి. కారణం బాగుంటే ఆ కోరికను మేమే కొట్టేస్తాం.

ఇట్లు,
ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు నియోజకవర్గాల ఓటర్లం, ఓటు వయసు రాని పిల్లల తరఫున వాళ్ల తల్లిదండ్రులం